గడువు తేదీ

గోడ దాటి వచ్చిన సముద్రం
బాయిలర్ గదిలో మోకాలి లోతున కూర్చుంది.
లాండుడ్నో తీరంలో, మా హోటల్ మెట్ల మీద
ఇసుక, నాచు, ఎవరో పిల్లాడి ఎర్ర ప్లాస్టిక్ పార.

ఈస్టర్ బుకింగులు నలభై మూడు.
నా ముందు ఫోను, జాబితా, ఆకుపచ్చ హైలైటర్.
గారెత్ నేర్పిన వరస ఇది:
ముందు క్షమాపణ, ఆ తర్వాత వోచర్,
పది శాతం ఎక్కువ, పద్దెనిమిది నెలల గడువు.
వాపసు అన్న మాట మాత్రం
వాళ్లు అడిగితేనే.

ఆ మాటను లవంగంలా నాలుక కింద పెట్టుకుని
పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను.

స్టోక్ నుంచి బ్రాడ్‌షా గారు
నా క్షమాపణ పూర్తవకముందే
"డబ్బు. డబ్బే" అని పెట్టేశారు.
బతికిపోయాను, అబద్ధం ఆడే పని తప్పింది.

రెక్సమ్‌లో బడి పంతులమ్మ
"వోచరే ఇవ్వండి, పాపం మీకూ కష్టమేగా" అంది.
ఆ మంచితనానికి పది శాతం కలిపి
పేరు మీద ఆకుపచ్చ గీత గీశాను.
గీత కొంచెం వంకర పోయింది.

పదకొండో నంబరు కొత్త జంట,
అంటే, జనవరి దాకా.
"పెళ్లి ఆగిపోయిందండీ" అన్నాడతను,
"వోచర్ని రెండు ముక్కలు చెయ్యగలరా?"
మా కంప్యూటర్‌కి ఒకే పేరు తెలుసు,
సగం అంటే తెలీదు.
అవతల చాలాసేపు కెటిల్ మరిగిన చప్పుడు.
"ఆమెకే పంపండి. సముద్రం తనకిష్టం."

ఆల్వెన్ ప్రిచర్డ్ గారిది పద్నాలుగో గది,
ముప్పై ఒక్క ఈస్టర్లుగా అదే గది,
అదే కిటికీ, అదే రెండో దిండు,
దాని మీద తల లేకపోయినా.
"పద్దెనిమిది నెలలా?" నవ్విందావిడ.
"జామ్ కూడా చిన్న సీసానే కొంటున్నానమ్మా, ఈమధ్య."

లవంగం దానంతటదే పళ్ల కిందకొచ్చింది.
"వాపసు కూడా ఉందండీ" అన్నాను,
ఆవిడ అడక్కుండానే.
నోరంతా ఘాటు.

పిడుగురాళ్లలో సున్నం దుమ్ము పట్టిన కొట్టు ఒకటి,
లాంతరు పక్కన మేకుకి వేలాడే అట్టముక్క:
నేడు రొక్కం, రేపు అరువు.
ఎప్పుడు వెళ్లినా నేడే ఉండేది అక్కడ,
రేపు ఒక్కసారీ కొట్టు తెరవలేదు.
ఆ అట్టని తిరగేసి
మర్యాదగా ఇంగ్లీషులో చదువుతున్నాను
పొద్దుట్నుంచీ:
రొక్కం నిన్ననే అందింది, గది రేపు చూద్దాం.

చీకటి పడ్డాక పంతులమ్మకి మళ్లీ చేశాను.
మెషీను పలికింది. బీప్ తర్వాత
నా పేరు చెప్పాను, హోటల్ పేరు చెప్పాను,
లవంగం ఉమ్మేయాలో మింగాలో తెలీక
మీకింకో దారి ఉందండీ, ఫోను చెయ్యండి అన్నాను.
ఇప్పటిదాకా చెయ్యలేదు.

నెలాఖరున గారెత్
రెండు కప్పుల టీ తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.
రెండోది నాకని అర్థమయ్యేసరికి
విషయం కూడా అర్థమైంది.
"ముందుగా, క్షమించు" అన్నాడు,
"ఈ నెల జీతం సగమే. మిగతాది
వేసవిలో... కొంచెం కలిపి..."

వరస తప్పలేదు పాపం.
తను రాసిన వరసే, అప్పజెబుతున్నట్టు.
కిందనుంచి పంపు తోడుతున్న శబ్దం,
సముద్రాన్ని బకెట్ల లెక్కన
సముద్రానికే వాపసు ఇస్తూ.

రొక్కమే అడిగాను. అద్దె వారం దాటింది.
డ్రాయర్‌లో ఉన్నవన్నీ లెక్కపెట్టాడు, చిల్లరతో సహా.
తొమ్మిది గంటల జీతం తగ్గింది.
"దానికి పద్నాలుగో గది రాయి, ఒక్క రాత్రి" అన్నాను.
మూడేళ్లుగా ఆ తాళం ఇస్తున్నాను గానీ
ఆ కిటికీలోంచి చూడలేదెప్పుడూ.

వోచర్ పుస్తకం తీశాడు.
నా పేరు స్పెల్లింగ్ అడక్కుండా రాశాడు, సరిగ్గానే.
గడువు అన్న చోట కలం ఆగింది.
తలెత్తి, సముద్రాన్ని అడగాలన్నట్టు
కిటికీ వైపు చూశాడు.